దంపుడు పాటకు ప్రాస

నిన్న అరకులో ఒక రిసార్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు టూరిస్టుల కోసం పాడుతూ ఖాళీ రోట్లో రోకళ్లు వేస్తున్నారు. "వీళ్ల పాటలకి ఛందస్సూ గిందస్సూ ఉండవండీ" అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు. నాకు ఒళ్లు మండింది. అది పచ్చి అబద్ధం. మా ఇంట్లోకి ఆ అబద్ధాన్ని తెచ్చింది మాత్రం నేనే.

చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో మాస్టారు ప్రాస నేర్పారు. ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలన్నారు. కలవకపోతే అది పాటే కాదనుకున్నాను. సెలవులకు వచ్చేసరికి అమ్మ, పిన్ని ఒకే రోట్లో సామలు దంచుతున్నారు. ఒకరి రోకలి లేచినప్పుడు రెండోవారిది పడాలి. ఎప్పుడు పడాలో పాటే చెబుతుంది. నేను వాళ్లను ఆపి, ఒక చరణంలో మాటలు మార్చి ప్రాస కుదిర్చాను.

"సదువుకున్న గుంటడు సెప్పాడు, అలాగే పాడదామే అప్పా" అని పిన్ని అమ్మను చూసి నవ్వింది.

నా చరణంలో ఒక మాట ఎక్కువైంది. పోటు పడాల్సిన చోట అమ్మ తడబడింది. రోకళ్లు ఢీకొని పిన్ని వేలు నలిగింది.

"ఏటి సేసినావురా! ఈ పాట మా సేతులు కాసుకోడానికి. నీ మాస్టారికి అప్పజెప్పడానికి కాదు!" అని అమ్మ అరిచింది.

"మీకు పాడటం రాదు" అని నేనూ అరిచాను.

ఆ తర్వాత నేను ఇంట్లో ఉంటే అమ్మ పాడేది కాదు, పళ్లు బిగించి దంచేది. ఇప్పుడు అమ్మా లేదు, పిన్నీ లేదు. ఆ పాటలో నాకు వచ్చినది నేను మార్చిన చరణం ఒక్కటే.