బొంతలో నీలం చొక్కా

నాయన పోయిన పదకొండో రోజుకల్లా ఆయన బట్టలు ఒక్కటి కూడా ఇంట్లో మిగల్లేదు. పోయినవాళ్ల బట్టలు ఉంచుకోకూడదని మేనత్తలిద్దరూ బీరువా ఖాళీ చేయించి, మూటలు కట్టించి పంపేశారు. అమ్మ నోరెత్తలేదు. నేను ఎత్తాను గానీ నా మాట ఎవరు విన్నారు? ఆ తర్వాతి వారం మా వీధి చివర ఇస్త్రీ బండి అతను తలుపు కొట్టాడు. "సారు బట్టలు నా కాడే ఉండాయమ్మా" అంటూ చిన్న మూట చేతిలో పెట్టాడు. రెండు తెల్ల చొక్కాలు, ఒక నీలం చొక్కా, రెండు పంచెలు. ఇస్త్రీకి వేసి తెచ్చుకోవడం మరిచిపోయాం కాబట్టి అవి బతికిపోయాయి.

అమ్మ ఆ నీలం చొక్కాను తలగడ మీద పరుచుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి కాలరు దగ్గర దారాలు లేచిపోయాయి. ఇంకొన్నాళ్లు పోతే పీలికలవుతుంది, అప్పుడు అమ్మను ఎలా పట్టుకోవాలో అని నాకు భయం వేసింది. బొంత కుట్టిద్దామన్నాను. వారం రోజులు ససేమిరా అంది. చివరికి చొక్కాలతో పాటు తన పెళ్లి పట్టుచీర కూడా తీసిచ్చింది.

"అన్నీ కలిపి కుట్టియ్యి. చెడగొట్టినావంటే మాత్రం ఊరుకోను."

కర్నూల్లో ఎవరిని అడిగినా కోడుమూరులో బొంతలు కుట్టే ఒకావిడ గురించే చెప్పారు. సెలవు చూసుకుని బస్సెక్కాను. ఆవిడ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ముందుగదిలో మోటారు బిగించిన పాత మెషిన్ పెట్టుకుని ఒక్కతే కుడుతోంది. నేను ఎవరినీ అంత తొందరగా మెచ్చుకునే రకం కాదు. పాతికేళ్లుగా పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్న చెయ్యి, తప్పు కనబడకపోతే దానికి తోచదు. ఆవిడ పనిలోనూ తప్పు వెతుకుదామనే కూర్చున్నాను.

మెషిన్ మీద ఎవరింటిదో పసిపిల్ల పట్టు గౌన్లు, నూలు గౌన్లతో కుడుతున్న బొంత ఉంది. పట్టు జారిపోతుంది, నూలు ముడుచుకుంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి మెషిన్ కింద తోస్తే ఒకదాన్ని ఒకటి లాక్కుంటాయి. ఆవిడ ప్రతి పట్టు ముక్కకూ వెనక మెత్తటి పాత నూలుగుడ్డ వేసి, ముందు చేత్తో పెద్దపెద్ద టాకాలు వేసుకుంది. ఆ తర్వాతే మోటారు నొక్కింది. బొంత బరువంతా చుట్టి ఎడమ భుజాన వేసుకుని, రెండు అరచేతులూ గుడ్డ మీద ఆన్చి మెల్లగా తోస్తూ పోయింది. వేలెడు దూరంలో ఒక గీత, దాని పక్కన ఇంకో గీత. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కటంటే ఒక్క గీత వంకర పోలేదు. అరగంట కూర్చుని నేనే ఓడిపోయాను.

తర్వాత నా మూట విప్పింది. ఆవిడ మొదట కత్తెర ముట్టదు. ఒక్కో బట్టనూ కిటికీ వెలుతురుకు పట్టి, ఎక్కడ పలచబడిందో చూస్తుంది. తెల్ల చొక్కా చూసి అడిగింది.

"ఇవి ఎవురివమ్మా?"

"మా నాయనవి."

"పెద్దాయన ఎడమ బుజానికి ఏమన్నా తగిలించుకుంటాండెనా?"

నాయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. రిటైరయ్యాక కూడా ఎడమ భుజానికి గుడ్డసంచీ లేకుండా గడప దాటలేదు. అందులో ఏమీ ఉండేది కాదు, అయినా తగిలించుకోవాల్సిందే. ఆయన్ని ఎన్నడూ చూడని మనిషి ఆ భుజాన్ని గుర్తుపట్టింది. రెండు తెల్ల చొక్కాలకూ ఎడమ భుజం జల్లెడలా ఉంది. ఇన్నాళ్లూ నేను చూడనే లేదు.

నీలం చొక్కా పట్టుకుని ఆవిడ ఆగిపోయింది. భుజాలు రెండూ గట్టిగానే ఉన్నాయి. అరిగింది కుడిచేతి అంచు, మోచేయి.

"ఇది మీ నాయనది కాదమ్మా. కుర్చీలో కూచోని రాసుకునే మనిషిది."

ఆ సాయంత్రం బస్సు దిగీ దిగగానే ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లి అతన్ని ఉతికి ఆరేశాను. పాపం, అతను తల గోక్కున్నాడు. "అదే నీలం, అదే సైజు మేడం. వెనక వీధి ఆఫీసు సారుది ఒకటుండె. మారిపోయినట్టుండాది. ఆ సారు అప్పుడే రాజంపేటకు బదిలీ అయిపోయినాడు." నాయన చొక్కా రాజంపేటలో ఎవరి ఒంటి మీదో తిరుగుతోంది. ఆ ఎవరిదో చొక్కా మీద మా అమ్మ ఏడాదిగా ఏడుస్తోంది.

కోడుమూరుకు ఫోన్ చేసి, అమ్మకు చెప్పొద్దు, నీలం చొక్కాను కూడా గుట్టుగా కుట్టేయమన్నాను.

"తెలీక ఏస్తే అది వేరే మాట," అంది ఆవిడ. "తెలిసి దాసి కుట్టాలంటే నాతో కాదు. ఆయమ్మకు చెప్పు. తీసెయ్యమంటే తీసేస్తా."

కోపమొచ్చింది. ఫోన్ పెట్టేశాక గౌరవం కూడా వచ్చింది. ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ ముందుగదిలో కూర్చున్నాక, మూడు చొక్కాలూ అమ్మ ఒళ్లో పెట్టి చెప్పేశాను.

అమ్మ తెల్ల చొక్కాల ఎడమ భుజాలు వేలితో తడిమింది. తర్వాత నీలం చొక్కా భుజం తడిమింది. మళ్లీ తెల్లదానికి వచ్చింది. నాయన్ని అమ్మ దగ్గర్నుంచి రెండోసారి నా చేతులతోనే తీసుకుపోయానని నాకు ఏడుపు వచ్చేసింది.

"అంటే," అంది అమ్మ, "ఏడాది పొద్దు ఎవురో మొగోని చొక్కా పట్టుకొని పండుకుంటినా నేను? మీ నాయన ఉంటే ఊరంతా చెప్పి నవ్వుతాండె."

తనే నవ్వడం మొదలుపెట్టింది. నాయన పోయాక అమ్మ నవ్వు వినడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. ఆవిడ మోటారు ఆపి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అమ్మ కళ్లు తుడుచుకుని నీలం చొక్కా ఆవిడకు అందించింది.

"దీన్నీ ఎయ్యమ్మా. నా ఏడుపంతా దీంట్లోనే ఉండాది, యాడ పారేస్తాం? అయితే నా పెండ్లిచీర పక్కన మాత్రం ఎయ్యొద్దు. రెండింటికీ నడాన ఆయన పంచె పెట్టు."

ఆవిడ నవ్వలేదు. చీర పరిచి, పక్కన పంచె పరిచి, సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

"జానెడు పెడితే సాలునా?"

"మూరెడు పెట్టు," అంది అమ్మ.