ఇంటి నంబరులోని గీతలు

నేరేడ్‌మెట్‌లో మేము కొత్తగా చేరిన ఇంటి గేటు మీద ఈ ఉదయం పెయింటర్ నంబరు రాస్తున్నాడు. తడి రంగు వాసన వరండా దాకా వచ్చింది. ఒక అంకె, కాస్త ఖాళీ, మళ్ళీ అంకె. చూస్తూ నిలబడిన నాకు గ్రేస్ మేడమ్ గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

మారేడ్‌పల్లిలో ఒక మందుల దుకాణం పైన ఉండేది మా చిన్న ఆఫీసు. విజయనగరం నుంచి వచ్చి నేను చేరిన మొదటి ఉద్యోగం అదే. మేడమ్ దాని యజమాని, సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మమ్మల్ని కేకలేసేవారు. జనం ఇష్టమొచ్చినట్టు నింపిన స్ప్రెడ్‌షీట్లను డేటాబేస్‌లోకి ఎక్కించడం మా పని. దానికి ముందు టేబుల్ నిర్మాణం రాయాలి: ఏ కాలమ్‌లో అంకెలుంటాయి, దేనిలో తేదీలు, ఏది ఖాళీగా వదలకూడదు. షీటు చదివి ఆ నిర్మాణాన్ని తనే రాసిపెట్టే ప్రోగ్రాం ఒకటి మా దగ్గర ఉండేది. తనకు అర్థంకాని గడులను అది ఒక పక్కకు తోసేసేది. మేమంతా వాటిని చెత్త అనేవాళ్ళం. మేడమ్ మాత్రం టీ తెప్పించుకుని, ముందు ఆ చెత్తనే గడి గడీ పైకి చదివేవారు. మేము ఆవిడకు వినిపించకుండా నవ్వుకునేవాళ్ళం.

ఒక శనివారం, మంచంపట్టిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సేవచేసే ఒక సంస్థ షీట్లు నా ముందున్నాయి. వాళ్ళ పాత నర్సు ఉన్నట్టుండి పని మానేసింది, ఫోన్ కూడా ఎత్తడం లేదు. రోగుల ఇళ్ళన్నీ ఆమెకు కంఠతా తెలుసు, ఇంకెవరికీ తెలియవు. మధ్యాహ్నం ఆ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. లాలాగూడలో ఒక ముసలాయనకు మూత్రం పైపు ఆ రోజే మార్చాలట, ఇల్లెక్కడో షీట్లో చూసి చెప్పమన్నారు. ఆయన పేరు దొరికింది. ఫోన్ నంబరును షీటు ఏదో పెద్ద సంఖ్య అనుకుని కుదించేయడంతో చివరి అంకెలన్నీ సున్నాలైపోయి ఉన్నాయి. చిరునామా అన్న చోట లాలాగూడ అని ఒక్క మాట. పక్కన పేరులేని కాలమ్‌లో 2011 ఏప్రిల్ 9 అని తేదీ.

"అది ఏం తేదీ?" అన్నారు మేడమ్.

"సేవలో చేర్చుకున్న రోజేమో మేడమ్. ప్రోగ్రాం కూడా తేదీ అనే రాసింది."

"గప్పటికి ఆ సంస్థే షురూ గాలే. ఆగు, చెత్త చూపించు."

చెత్తలో లాలాగూడ గడి ఒక్కటే ఉంది, అదీ ఇంకో రోగిది: 9-4-127/బి. మేడమ్ దాన్ని పైకి చదివారు. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదివి, లేచి నిలబడ్డారు.

"ఏందమ్మా రమా, మీ విజయనగరంల ఇండ్లకు నంబర్లుండవా? ఇవి తేదీలు గావు, ఇంటి నంబర్లు! తొమ్మిది, నాలుగు, పదకొండు అని నడుమ గీతలు వెట్టి కొట్టుంటది ఆ నర్సు పాపం. షీటు దాన్ని తారీఖు జేసేసింది. నూట ఇరవై ఏడుకు తారీఖు కుదరక అట్లనే వదిలేసింది."

పొద్దున్నుంచీ నేను చూస్తున్న తేదీలన్నీ ఒక్కసారిగా ఇళ్ళయిపోయాయి, ప్రతి ఇంట్లోనూ ఒక మంచం.

సంస్థ పంపిన కొత్త నర్సును వెంటబెట్టుకుని ఆటోలో వెళ్ళాం. 127/బి ఇంటి దగ్గర దిగి అదే వరసలో వెనక్కి నడిచాం. నంబర్లు తగ్గుతూ వచ్చాయి. పదకొండో నంబరు తలుపు తట్టగానే ఒక ముసలామె తీసింది.

"వచ్చినారమ్మా! పొద్దుగాల నుంచి ఆయన మస్తు తక్లీఫ్ పడుతుండు. ఇగ ఎవ్వరు రారనుకున్న."

నర్సు లోపలికి పరుగెత్తింది. కాసేపటికి లోపలి మూలుగు ఆగింది. గుమ్మం దగ్గర నిలబడిన మేడమ్ కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు, ప్రార్థన అనుకుంటాను. నేను ఆవిడ ముఖాన్నే చూస్తుండిపోయాను. ఇంతటి మనిషి దగ్గరా నేను పనిచేస్తున్నది అనిపించింది. తిరుగు ఆటోలో మాత్రం, "సోమవారం లోపల ఆ కాలమ్ మొత్తం మార్చాలె, మర్చిపోకు" అన్నారంతే.

ఇప్పుడు నా బృందం వాడే ప్రోగ్రాములు టేబుల్ నిర్మాణాన్ని రెప్పపాటులో రాసేస్తాయి. అయినా అవి పక్కకు తోసిన గడులను నేను పైకి చదవకుండా ఏ టేబులూ ముందుకు కదలదు. పిల్లలు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వనీ.

"మేడమ్, నడుమ గీతలు గీయాల్నా, గిట్ల జెర జాగ విడిస్తే సరిపోతదా?" అని గేటు దగ్గర నుంచి పెయింటర్ అడిగాడు.

"గీతలు గీయి బాబూ," అన్నాను. "లావుగా గీయి."