పీరు మెడలోని పతకం

మా తాత యుద్ధానికి పోయి బర్మాలో ఎక్కడో కనిపించకుండా పోయాడు. అప్పటికి మా నాయన పాకే పిల్లాడు, మేనత్త మా జేజి కడుపులో ఉంది. తర్వాత తపాలాలో ఒక పతకం వచ్చింది. ఆత్మకూరు దగ్గరి మా పల్లెలో మాత్రం, తాత మిలిటరీ నుంచి పారిపోయి ఎవతెనో కట్టుకున్నాడని, పతకం జేజి సంతలో కొన్న బిళ్ల అని చెప్పుకున్నారు. నాకు వరసకు పెదనాయన అయ్యే ఆయన తండ్రి అదే యుద్ధానికి పోయి తిరిగొచ్చాడు. ఆ మాట మొదట పుట్టింది ఆ తండ్రి నోట్లోనే.

మొన్న ఒక పెళ్లిలో పెదనాయన అన్నం కలుపుకుంటూ, మా అత్త ఎదురుగానే, అదే మాట అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అత్త తలెత్తలేదు.

"మా నాయన పారిపోలేదని ఆయప్ప నోటితోనే అనిపించరా. అది ఇనే పోతా" అంది ఇంటికొచ్చాక.

తాత తిరిగి రావాలని జేజి ఆ పతకాన్ని పీరుకు మొక్కుగా ఇచ్చింది. ఏటా పీర్ల పండుగకు దాన్ని తోమి పీరు మెడలో కడతారు. పీర్లను చూసుకునే ముజావరును అడిగి దాన్ని తీసుకుని, కర్నూలులో ఉండే రిటైర్డ్ సుబేదారు దగ్గరికి పోయాను. ఆయన వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు.

"నంబరూ పేరూ అంచు మీద కొట్టింటారప్పా. ఈడ ఏముండాది? నున్నగా అరగదీసినారు."

"అయితే దీంతో ఏమీ తేలదా?"

"ఎవురిదో తేలదు. అయినా పారిపోయినోని ఇంటికి పతకం పంపరప్పా. మిలిటరీలో చేసినోడు ఎవుడైనా చెప్తాడు."

ఆ మాట నా చెవికెక్కలేదు. పేరు ఉండుంటే పతకాన్ని పెదనాయన మొహాన కొట్టేవాణ్ణి. బస్సులో దారి పొడవునా ముజావరును, ఊరిని, మొక్కులను మనసులో తిట్టుకుంటూనే వచ్చాను.

"దీన్ని ఇట్లా తోమిందెవరు?" అని గడప దాటకముందే అరిచాను.

అత్త వసారాలో అనపకాయలు ఒలుస్తోంది. "నేనే. అమ్మకు చేతగాకపోయినాక చింతపండూ బూడిదా పెట్టి నేనే తోముతాండా. మసి పట్టింది కడితే పీరు నాయనకు దోవ చూపడని అమ్మ అనేది."

పతకాన్ని ఆమె పక్కన పెట్టి కూర్చున్నాను. చెప్పడానికి అదొక్కటే మిగిలింది కాబట్టి, సుబేదారు మాట చెప్పాను. అత్త చేతులు ఆగిపోయాయి.

"మిలిటరీలో చేసినోళ్లందరికీ తెలుసా ఈ మాట?"

"తెలుసంట."

"అయితే మీ పెదనాయన వాళ్ల నాయనకు గూడా తెలుసు." కాయల చేట పక్కకు నెట్టి, గోడ పట్టుకుని లేచింది. "తెలిసే అన్నాడు, మా అమ్మ చచ్చేదాకా. చెప్పులేసుకో, ఆ ఇంటికి పోదాం."