చీపురు పుల్ల కొలత

మా నాయనవి పది నంబరు కాళ్ళు. నావీ అంతే. ముఖం అమ్మదే అంటారు గానీ అమ్మను చూసిన గుర్తు నాకు లేదు. కాళ్ళు చూసుకుంటే మాత్రం నేనెవరి బిడ్డనో తెలిసిపోతుంది.

దేశనూరులో ఉన్నన్నాళ్ళు అదొక పెద్ద సంగతి కాలేదు. వరి మడిలో దిగేవాళ్ళకు చెప్పులతో పనేముంది? బడికి రెండు దినాలే పోయినాను. పిల్లలు నా అడుగు పక్కన వాళ్ళ అడుగు పెట్టి కొలుచుకుని నవ్వినారు. మూడో దినం పోనని స్తంభం పట్టుకున్నాను. నాయన బలవంతపెట్టలేదు. వడ్ల మూటల పక్కన కూర్చోబెట్టుకుని తానే అక్షరాలు దిద్దించినాడు. తెలుగు ఆయన నేర్పింది, కన్నడం బస్సు బోర్డులు చదివి నేర్చుకున్నది. ఆ కాస్త చదువుతోనే ఈ రోజుకూ స్తోత్రాలు తప్పుల్లేకుండా చదువుతున్నానంటే స్వామి దయ, నాయన ఓపిక.

చెప్పులు కావలసినప్పుడు నాయన చీపురులో నుంచి ఒక పుల్ల లాగేవాడు. నన్ను నిలబెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా పుల్ల ఆనించి, అక్కడికి తుంచి, జేబులో పెట్టుకుని బళ్ళారి బస్సెక్కేవాడు. ఆడమనిషి అంగట్లో కూర్చుని పరాయివాళ్ళ ముందర కాలు చాపడమేంది అనే కాలం నుంచి మా పల్లెల్లో ఆడవాళ్ళ చెప్పులకు అదే కొలత. సాయంత్రానికి రెండు జతలు వచ్చేవి. రెండూ ఒకే రకం, మగవాళ్ళ తోలు చెప్పులు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. కూతురి కాళ్ళ సంగతి నలుగురిలో చెప్పుకోలేక, రెండూ తనకేనని చెప్పి తెస్తాడని నేననుకునేదాన్ని. నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

నాయన పోయినాక పొలం గుత్తకిచ్చి సిరుగుప్పకు వచ్చినాను. చీరలకు ఫాల్ కుట్టే పని, ఒక గది, గది ముందర ఒక మెట్టు. పెళ్ళి కాలేదు. దానికి కాళ్ళే కారణమని నేననను. నాయన ఆఖరున తెచ్చుకున్న జత ఆయన పట్టుమని పది దినాలు తొడగలేదు. అవే వేసుకుని తిరిగేదాన్ని. ఇంటికొచ్చి మెట్టు మీద విడిస్తే లోపల ఇంకెవరో ఉన్నట్టుండేది. కూరగాయల బండాయన ఆ చెప్పులు చూసి, లోపల మగమనిషి ఉన్నాడనుకుని, "అప్పా, టమాటా తాజాగుండాది" అని కేకేసేవాడు. నేను పలికేదాన్ని కాదు. ఒక నిమిషం నిలబడి చూసి పోయేవాడు. ఆ నిమిషం నాకు బాగుండేది.

వీధిలో ఆడవాళ్ళు కొందరు శుక్రవారం సాయంత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో కూడి స్తోత్రం చదువుతారు. ఎదురింటి అక్క నన్నూ కలుపుకుంది. అదే వీధి గదా, వాళ్ళ ఇళ్ళకు వట్టి కాళ్ళతోనే పోయేదాన్ని. నా వంతు వచ్చిన నాడు గది కడిగి, చాప పరిచి, శనగ గుగ్గిళ్ళు తాళింపు వేసి, దీపం ముందర కూర్చున్నాను. మెట్టు దగ్గర గాజుల చప్పుడైనట్టు అనిపించింది. లేచి చూసేసరికి వీధి ఖాళీ. ఎవరూ రాలేదు. ఒక్కదాన్నే చదువుకున్నాను. ఆ పూటా, మరుసటి పూటా గుగ్గిళ్ళే తిన్నాను. తిండి ఇచ్చినావు, నీడ ఇచ్చినావు, చాలు స్వామీ అని దండం పెట్టుకున్నాను. నోరు అనింది గానీ మనసు అనలేదు.

నాలుగు దినాలకు కొళాయి దగ్గర ఎదురింటి అక్క కనిపించింది.

"ఏం పాపా, చుట్టాలు పోయినారా?"

"ఏ చుట్టాలక్కా?"

"అదే, మొన్న శుక్రవారం వచ్చినారు గదా. అందరమూ మీ మెట్టు దాకా వచ్చింటిమి. మొగోళ్ళ చెప్పులుండె. ఎవురో పెద్దాయన వచ్చినట్టుండాది, మొగోళ్ళు కూచ్చున్న చోటికి మనమేం పోతాములే అని సుమ్నే, ఏం మాట్లాడకుండా మళ్ళుకుంటిమి."

మా వైపు ఆ మర్యాద ఉంది. పిలవరు, తలుపు తట్టరు. మెట్టు మీద మగవాళ్ళ చెప్పులు చూస్తే ఆడవాళ్ళు చప్పుడు లేకుండా వెనక్కు తిరుగుతారు.

అవి నావే అని ఒక్క మాటంటే అయిపోయేది. "పోయినారక్కా" అన్నాను. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

చెప్పులు లోపల పెట్టుకుంటే సరిపోయేది గదా అనిపిస్తుంది వినేవాళ్ళకు. పెట్టి చూసినాను. మెట్టు బోసిపోయింది. కూరగాయలాయన కేకెయ్యకుండానే వెళ్ళిపోయినాడు. నాయన రెండోసారి పోయినట్టయింది. పైగా ఆ జతకు వేలు దూర్చే తోలు చుట్టు తెగడానికి సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళ చెప్పులు ఒక జత కొనుక్కుంటే మెట్టు ఖాళీగా ఉండదు, వచ్చేవాళ్ళు వెనక్కు పోరు అనుకున్నాను.

బస్టాండు పక్క అంగట్లో అడిగినాను.

"ఏం కావాలమ్మా? మీ ఇంటాయనకా?"

"నాకేనప్పా. ఆడవాళ్ళవి, పెద్ద నంబరు."

చీర అంచు కింద నుంచి కాలు కొంచెం బయటపెట్టినాను. ఆయన చూసి తల గోక్కున్నాడు. "లేడీస్‌లో ఎనిమిదికి నిలిచిపోతాదమ్మా. ఆపైన చెయ్యనే చెయ్యరు." ఆ ఎనిమిది నంబరే ఒకటి తొడిగించినాడు. ముందర పూలు, వెనక నా మడమ సగం నేల మీద. బల్ల మీద కూతురితో కూర్చున్న ఒకామె, "అబ్బ, మా ఇంటాయనకు గూడా ఇంతుండవు. పడుకుంటే నీకు దుప్పటి చాల్తాదా అక్కా?" అనింది. కూతురు నవ్వింది. నేనూ నవ్వినాను. అట్లాంటప్పుడు నవ్వకుంటే కాళ్ళు ఇంకా పెద్దగా కనిపిస్తాయి.

ఇంకో రెండు అంగళ్ళు తిరిగినాను. ఒకాయన మగవాళ్ళ చెప్పు మీదనే ఎర్ర పువ్వు అతికించి ఇస్తానన్నాడు. వద్దన్నాను.

నాయన చెప్పులు వచ్చిన అట్టపెట్టె నా దగ్గరే ఉంది, దారం ఉండలు దాంట్లోనే పెట్టుకుంటాను. దాని మీద బళ్ళారి బజారులో అంగడి పేరుంది. ఒకనాడు పని మానుకుని బస్సెక్కినాను. పోయే ముందర చీపురు పుల్ల తుంచుకున్నాను. కాళ్ళు నాతోనే వస్తున్నప్పుడు పుల్లెందుకంటే, అంగట్లో కాలు చాపే పని తప్పుతుందని.

గల్లా దగ్గర తల నెరిసిన శెట్టి పుల్ల తీసుకుని అరచేతిలో పెట్టి చూసినాడు.

"ఈ కొలత నాకు తెలుసమ్మా. దేశనూరాయన తెస్తాండె."

"మా నాయన. పోయినాడు."

ఆయన పుల్లను ఇంకోసారి తిప్పి చూసినాడు. తరువాత, "వచ్చినప్పుడల్లా మొదట ఒకటే అడుగుతాండె" అన్నాడు. "శెట్టీ, నా బిడ్డకు ఆడవాళ్ళవి ఈ కొలతకు యాడన్నా వచ్చినాయా అని. నేను లేవంటే, అయితే మొగోళ్ళవే రెండు జతలు కట్టు, నా బిడ్డవి నావీ ఒకే కాళ్ళు అంటాండె."

"అందరి ముందరా?"

"అంగడంతా వినపడేటట్టు. చదువులో మాత్రం నన్ను మించిపోయిందప్పా అని నవ్వుతాండె."

నేను ఊపిరి తీసుకుని, "ఇప్పుడన్నా వచ్చినాయా?" అన్నాను.

"లేదమ్మా."

నాయన తెచ్చే రకమే ఒక జత తియ్యమన్నాను. పుల్ల పక్కన పెట్టి, బల్ల మీద కూర్చుని, కాలు చాపి తొడుక్కున్నాను. అంగట్లో ఇంకా మనుషులున్నారు. ఉండనీ.

నా వంతు మళ్ళీ వచ్చేసరికి రెండు నెలలు దాటింది. నాయన జత అట్టపెట్టెలోకి పోయింది, కొత్తవి మెట్టు మీద ఉన్నాయి. నేను లోపల కూర్చోలేదు, వాకిట్లోనే నిలబడినాను. ఆడవాళ్ళు దగ్గరికొచ్చి, చెప్పులు చూసి, అడుగు తగ్గించినారు.

"మళ్ళీ చుట్టాలా పాపా?" అనింది ఎదురింటి అక్క.

"ఎవురూ లేరక్కా. అవి నావే. నా కాళ్ళు ఇంతే. పోయిన తూరి గూడా నేనొక్కదాన్నే ఉంటిని."

అందరిలోకీ పెద్దామె వంగి, నా చెప్పులో తన కాలు పెట్టి చూసింది. "నా రెండు కాళ్ళూ ఒకదాంట్లోనే పడతాయే. ముందే చెప్పకూడదా తల్లీ? గుగ్గిళ్ళు పోగొట్టుకుంటిమి" అని లోపలికి నడిచింది.

అయిదుగురే వచ్చినారు. అయిదుగురూ చాలు, స్వామి పంపినవాళ్ళు. చదివినారు, తిన్నారు, వంటకు పొద్దయిందని లేచినారు. వాళ్ళ చిన్న చిన్న చెప్పులన్నీ పోయినాక మెట్టు మీద ఒకటే జత మిగిలింది.

మరుసటి పొద్దున బండి ఆగింది. "అప్పా, బెండకాయ లేతగుండాది."

తలుపు తీసినాను. "అప్ప లేడు. నేనుండా. పావు కిలో ఇయ్యి."

ఆయన చెప్పుల వైపు చూసి, నా కాళ్ళ వైపు చూసి, తక్కెడ అందుకున్నాడు.