డ్రమ్మర్ సంతకం

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్తూ ఓక్లహోమాలో ఒక పాత గ్రామఫోన్ రికార్డుల కొట్టు దగ్గర ఆగాను. లోపల ఎనభై దాటిన పెద్దాయన తన బ్యాండ్ ఎల్పీల మీద సంతకాలు చేస్తున్నాడు. 1960లలో ఆయన అందులో డ్రమ్మర్. నా ముందున్న అభిమాని, ఆ రికార్డు వినే తను డ్రమ్స్ నేర్చుకున్నానని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పెద్దాయన హుందాగా తలూపాడు.

అతను వెళ్లాక పెద్దాయన నాతో మెల్లగా, "నేనూ అది వినే నేర్చుకున్నాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"స్టూడియోలో వాయించింది కిరాయి వాళ్లు. ఫొటోలో బావుంటామని కవర్ మీద మమ్మల్ని వేశారు. పాట హిట్టయింది, టూర్‌కి పొమ్మన్నారు. వారం రోజులు రికార్డు పెట్టుకుని మా పాట మేమే నేర్చుకున్నాం."

"అతనికి చెప్పలేదేం?"

"ఏడుస్తున్నాడుగా. నువ్వు ఏడ్చే రకంలా లేవు."

నా మొదటి ఉద్యోగానికి నా పేరుతో ఫోన్ ఇంటర్వ్యూ ఇచ్చింది కన్సల్టెన్సీ మనిషి. గొంతు కూడా నాది కాదు. మా ఆవిడకి ఇప్పటికీ చెప్పని ఆ సంగతి ఆయనకి చెప్పేశాను.

"తర్వాత పని నేర్చుకున్నావా?"

"వారంలో."

"అయితే నువ్వూ మా బ్యాండే" అంటూ ఎల్పీ మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

దస్తూరి మాత్రం ఆయనదే.