కొత్త అట్ట

ఆ వీధిలో ఆయన్ని అందరూ అద్దాలాయన అనేవారు. ముందు గదిలో కళ్ళు చూసి అద్దాలు బిగించడం ఆయన బతుకుతెరువు. వెనక గదిలో షేర్ల చార్టుల ముందు కూర్చోవడం ఆయన పిచ్చి. ధరల సగటు గీతలూ, కొనుగోళ్ళ జోరూ కలిపి సొంతంగా ఒక ఇండికేటర్ తయారుచేశాడు. కొనాల్సిన చోట పచ్చ బాణం, అమ్మాల్సిన చోట ఎర్ర బాణం పడుతుంది.

మొదట్లో బాణాలు సగానికి సగం తప్పేవి. తప్పిన ప్రతి బాణానికీ ఒక కొత్త షరతు చేర్చాడు. కంటికి అద్దం మార్చి "ఇది బాగుందా, ముందుదా?" అని అడిగినట్టే, పాత చార్టుల మీద అంకెలు మారుస్తూ పోయాడు. చివరికి గడిచిన ఏళ్ళన్నిటిలో ఒక్క బాణమూ తప్పలేదు.

"దాన్నే కట్టుకోకపోయారా?" అని భార్య దెప్పింది.

ఆవిడ తమ్ముడు మాత్రం నమ్మాడు. సొంత వ్యాను అమ్మేసి, శుక్రవారం పొద్దున ఒక షేరు మీద పచ్చ బాణం పడగానే డబ్బంతా ఆ ఒక్క షేరులోనే పోశాడు.

"కొంచెం పెట్టి చూడరా" అన్నాడు అద్దాలాయన.

"నీ సరుకు మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా బావా?"

మధ్యాహ్నం నుంచి ధర జారడం మొదలైంది. బాణం పచ్చగానే ఉంది. మార్కెట్ మూసేశాక బావమరిది షాపుకొచ్చాడు. లాభాలొచ్చేదాకా ఎవరి బండైనా తోలాలి కదా. అందుకు కళ్ళ సర్టిఫికెట్ కావాలన్నాడు.

కుర్చీలో కూర్చుని, ఎదురుగోడ మీది అక్షరాల అట్టను పైనుంచి అడుగు వరసదాకా గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

"చూశావా బావా! డేగ కళ్ళు."

గుమ్మంలో నిలబడ్డ అక్క నవ్వలేదు. "ఏం చదివావురా? చిరిగిందని పొద్దున్నే నేను అట్ట మార్చాను. అవి పాతదాని అక్షరాలు."

వాడు కళ్ళు చికిలించాడు. "మసగ్గా ఉందిలే అక్కా. కబుర్లకొచ్చి కూర్చున్నప్పుడల్లా చూసిందేగా, పాతది కంఠతా వచ్చేసింది."

ఇలాంటివాళ్ళను అద్దాలాయన చాలామందిని చూశాడు. నవ్వబోయాడు. చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది.

లేచి వెనక గదిలోకి వెళ్ళాడు. ఇండికేటర్ దిద్దేటప్పుడు ఎన్నడూ వాడని ఒక షేరు చార్టు తెరిచి, దాని మీద తన బాణాలు వేశాడు. పచ్చ బాణం, వెంటనే ధర కూలింది. మరో పచ్చ బాణం, మళ్ళీ కూలింది. ఎర్ర బాణం పడ్డాక ధర నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. బాణాలకు మాత్రం ఎక్కడా తడబాటు లేదు. ఇందాకటి బావమరిది గొంతులాగే.

"బావా, మన బాణం పచ్చగానే ఉందా?" ముందు గదిలోంచి కేక.

"పచ్చగానే ఉంది."

"ఇంకేం మరి!"

ఆయన గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకున్నాడు. "సోమవారం తెరవగానే ఎంతొస్తే అంతకి అమ్మేద్దాంరా."

"ఎర్రబడకుండానేనా?"

"అది ఎర్రబడదు. దానికీ కొత్త అట్ట కనబడట్లేదు."

బావమరిది ఏదో హాస్యమాడబోయి, ఎదుటి మొహం వైపు కళ్ళు చికిలించి ఆగిపోయాడు. సోమవారం దాకా చేయడానికి ఏమీ లేదు. వెనక గదిలో తెర మీద ఆ బాణం ఇంకా కొనమనే చెబుతోంది.