దింపుడు కల్లం దగ్గర ఆగిన కారు

నాయన ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందు నేను ఇంట్లోంచి తీసేసిన వస్తువుల్లో మొదటిది తులసి కుండీ. తడి మట్టిలో బూజు ఉంటుంది. అది మామూలు మనుషులను ఏమీ చేయదు. ఆ రోజుల్లో నాయన ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం ప్రాణం తీయగలదు. అమ్మకు ఈ మాటే చెప్పాను.

"తులసమ్మను ఇంట్లోంచి పంపించేస్తావా?" అంది.

"మట్టిని పంపిస్తుండా అమ్మా, తులసమ్మను కాదు."

"రెండూ ఎట్ల వేరుచేస్తావో చేయి, చూస్తా."

కుండీని కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మకు ఇచ్చి వచ్చాను. ఆ తర్వాత కర్టెన్లు, చాప, దేవుడి పటాలకు వేసే పూలు, పెరుగు తోడు గిన్నె వరుసగా పోయాయి. వంటింటి అల్మారా తలుపు మీద ఒక కాగితం అంటించాను. ఏవి తినకూడదు, ఎవరు లోపలికి రాకూడదు, జ్వరం ఎంత దాటితే ఎవరికీ ఫోన్ చేయకుండా నేరుగా ఆస్పత్రికి బయలుదేరాలి, అన్నీ అందులో ఉన్నాయి. నేను చేసే పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు. ఏది ఎక్కడ విరగగలదో ముందే ఊహించి రాసుకోవడానికే నాకు జీతం ఇస్తారు. ఆ అలవాటు ఇంట్లో పనికొచ్చింది.

నాయనకు వచ్చింది రక్తం క్యాన్సర్. ఒకసారి మందులకు తగ్గి, మళ్ళీ తిరగబెట్టింది. ఎముకల్లో ఉన్న మజ్జను మందులతో పూర్తిగా చంపేసి, ఇంకొకరి మూలకణాలు ఎక్కించడం తప్ప దారి లేదన్నారు. చిన్నాయనవి కలవలేదు. నావి సగం కలిశాయి, ఇప్పుడు సగం కలిసినా చేస్తున్నారు. కొన్ని రోజులు ఇంజెక్షన్లు వేసి, రెండు చేతులకూ సూదులు గుచ్చి, నా రక్తాన్ని ఒక యంత్రంలోంచి తిప్పి కావలసినది తీసుకున్నారు. నీళ్ళు కలిపిన టమాటా రసంలా ఉంది ఆ సంచి. దాన్ని నాయనకు మామూలుగా రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు. అమ్మా నేనూ గాజు తలుపు ఇవతల నిలబడి చూశాం. ఏదో జరుగుతుందని అనుకున్నాం. నాయన నిద్రపోయాడు.

నా కణాలు ఆయన ఒంట్లో పట్టాయి. అయితే అవి ఆయన శరీరాన్నే పరాయిదని అనుకుని దాడి చేయకుండా వాటిని మందులతో అణచిపెట్టాలి. అణచితే ఆయనకు రోగాలతో పోరాడే శక్తి ఉండదు. ఆ మందులు తగ్గించేవరకు, కొన్ని నెలలు, ఒక చిన్న జలుబు కూడా రాకుండా కాపాడుకోవాలి. మా పని అదొక్కటే. ఆ నెలల్లో నాకు ఏమనిపించిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ దొరకదు. నీళ్ళు కాచడం, తలుపు గొళ్ళేలు తుడవడం, మాత్రలు పొద్దునవీ సాయంత్రంవీ విడదీయడం గుర్తుంది. మడివాళలో ఉండే నా హాస్టల్ గది ఖాళీ చేసి వర్తూరులో అమ్మానాయనల దగ్గరికి వచ్చేశాను. హాల్లో పరుపు వేసుకుని, అక్కడినుంచే ఆఫీసు పని చేసేవాణ్ణి.

నాయన మేస్త్రీ. అమ్మను వెంటబెట్టుకుని హిందూపురం వైపు మా ఊరి నుంచి ఈ నగరానికి ఇసుక మోసే పనికి వచ్చి, తాపీ పట్టి, చివరికి వర్తూరు చుట్టుపక్కల ఇళ్ళు కట్టించే స్థాయికి వచ్చాడు. అప్పుడు మా ఎదురు స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. దుమ్ముకు కిటికీ మూసిపెట్టి ఉంచేవాణ్ణి. ఆయన అద్దం వెనక కుర్చీ వేసుకుని ఆ పని చూస్తూ ఉండేవాడు.

"ఆ పిల్లరుకు గోనెపట్ట చుట్టలేదు చూడు. నీళ్ళు నిలుస్తాయా? సిమెంటును ఎండలో ఆరబెట్టినారు, వడియాల మాదిరి."

"నువ్వు చూడొద్దు నాయనా, బీపీ పెరుగుతుంది."

"వాళ్ళ ఇల్లు కూలుతుంది, నా బీపీ కాదు."

ఒక ఉదయం ఆఫీసు మీటింగ్‌లో ఉండగా చిన్నాయన ఫోన్ చేశాడు. నాయన తమ్ముడు ఈయన, ఊళ్ళో ఉంటాడు. జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఆయన దగ్గరే ఉండేది.

"జేజి పోయిందప్పా. కాఫీ తాగి మళ్ళా పండుకునింది. లేయలేదు."

"ఎన్ని గంటలకు ఎత్తుతారు?" అన్నాను.

"ఎండ తగ్గినాక," అన్నాడు. "అన్నకు చెప్పు. ఎట్ల చెప్తావో నీ ఇష్టం."

నేను మొదట ఆస్పత్రికి ఫోన్ చేశాను. మా వ్యవహారాలు చూసే నర్సు మొత్తం విని, ప్రయాణం, గుంపు, శ్మశానం, మట్టి, ఇవేవీ కుదరవని చెప్పింది. నాకూ తెలిసినదే. వేరేవాళ్ళ నోట వినాలని చేశాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, నాయనకు ఇప్పుడే చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుందని అమ్మను అడిగాను. అమ్మ గిన్నె తోముతూ ఉంది, ఆపలేదు.

"చెప్పకుండా బతికిస్తే, తెలిసినపొద్దు ఆ బతుకు తెచ్చి నీ మొగాన కొడతాడు."

చెప్పాను. నాయన తలమీద చేయి పెట్టుకున్నాడు. కొత్త వెంట్రుకలు అప్పుడప్పుడే నూగులా వస్తున్నాయి.

"గుండు గీయించుకునే పని లేదు," అన్నాడు. ఆ తర్వాత, "బండి తీయ్."

"డాక్టరమ్మ వద్దంటుంది నాయనా."

"డాక్టరమ్మకు అమ్మ ఉండాదా?"

"ఉండొచ్చు."

"అయితే అడుగు."

మా వైపు శవాన్ని పాతిపెడతారు. పెద్దకొడుకు చేయవలసినవి రెండు పనులుంటాయి. గుంతలో మొదట మన్ను వేయాలి. అంతకుముందు, దారి మధ్యలో పాడెను దించే చోట, దింపుడు కల్లం అంటారు, చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఇంకా ఎక్కడన్నా దాగి ఉంటే ఆ పిలుపుకు లేచి వస్తుందని. మన్ను పని చిన్నాయనకు వదిలేయడానికి నాయన ఒప్పుకున్నాడు. పిలుపు మాత్రం వదలనన్నాడు.

"నాకు మాట నేర్పింది ఆమె. ఆ ఒక్క మాట తమ్మునితో పంపించాల్నా?"

బేరం మొదలైంది. కారు దిగకూడదు అన్నాను, సరి అన్నాడు. అద్దాలు దించకూడదు, సరి. ఎవరినీ లోపలికి ఎక్కించుకోకూడదు, బయటి నీళ్ళు తాగకూడదు, పాడె కదిలిన వెంటనే మనమూ కదలాలి. అన్నింటికీ సరి. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వంటిల్లు అటు జరపమంటే, మెట్లు ఇటు పెట్టమంటే ఆయన ఇలాగే సరి సరి అంటాడు. తర్వాత తనకు తోచినట్టు కడతాడు. అందుకని నేను కారు లోపల తుడిచేటప్పుడు వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోకుండా పిల్లల తాళం వేశాను. అద్దాల మీటకు కూడా నా వైపునుంచి తాళం వేశాను. ఆయనకు చెప్పలేదు.

అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఊళ్ళో జనంలోకి దిగితే మళ్ళీ ఆ కారు ఎక్కకూడదని, చిన్నాయన ఇంట్లో ఉండి, కర్మలయ్యాక తలస్నానం చేసి రావాలని ముందే అనుకున్నాం. దేవనహళ్ళి దాటాక నాయన ఏసీ తగ్గించమన్నాడు. గౌరిబిదనూరు దగ్గర బయట ఎవరో ఇటుకలు దించుతుంటే చూశాడు, ఏమీ అనలేదు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తుంటే మనిషి ఏమనుకుంటున్నాడో అద్దంలో చూసి చెప్పడం కష్టం. నేను రోడ్డు చూసుకున్నాను.

శ్మశానానికి పోయే మట్టి బాట తారురోడ్డు నుంచి చీలేచోట కారు ఆపాను. దుమ్ము తక్కువని తారు మీదే ఆపాను. అమ్మ దిగి, ఊళ్ళోకి నడిచిపోయింది. కాసేపటికి తప్పెటల చప్పుడు దగ్గరకొచ్చింది. ముందు నడుస్తున్నవాళ్ళలో నాయన ఈడు మామ ఒకాయన ఉన్నాడు, వరసకు నాయనకు బావ. కారు దగ్గరకొచ్చి వేలితో అద్దం మీద కొట్టాడు.

"ఏమప్పా, పెండ్లికూతురు మాదిరి కారులోనే కూచుండావు? దిగవా?"

నాయన చేతితో నా వైపు చూపించాడు. నేను దిగనీయడంలేదని అర్థం.

"కొడుకు నెత్తురు ఎక్కించుకున్నావంట కదా. ఇంక వాడు నీకు కొడుకా, నువ్వు వానికి కొడుకువా?"

నాయన భుజాలు కదిలాయి. నవ్వాడు. ఆ వరసవాళ్ళు చావు దగ్గర కూడా పరాచికం ఆడాలి, ఆడకపోతే కోపమొచ్చిందేమో అనుకుంటారు.

పాడెను మామూలుగా దించే చోటు ఇంకొంచెం ముందుంది. చిన్నాయన వాళ్ళకు చెప్పి, కారు వెనక తలుపు పక్కనే దింపించాడు. తప్పెటలు ఆగాయి. జేజి మొగం కారు వైపే ఉంది, నుదుట పసుపు, రూపాయి బిళ్ళ. మోసినవాళ్ళ కాళ్ళకింద లేచిన ఎర్రటి దుమ్ము ఇంకా కిందికి దిగలేదు.

వెనక సీట్లో టక్కుమని చప్పుడైంది. మళ్ళీ అయింది. నాయన మీట నొక్కుతున్నాడు.

"ఇది పనిచేయడంలేదు."

"నేనే తాళం వేసినా నాయనా."

"తీయ్."

"దుమ్ముంది."

"రెండు వేళ్ళ సందు దించు, చాలు. చెవికి చెప్పాల."

నా కుడిచేయి ఆ మీట మీదే ఉంది. తీయడానికి ఎంతోసేపు పట్టదు, వేలు కదిపితే చాలు. పువ్వులు, పొగ, మట్టి, ముప్పై నలభై మంది ఊపిరి, అద్దానికి అవతల అన్నీ ఉన్నాయి. నేను ఇంట్లోంచి తీసేసినవన్నీ ఒకేచోటికి వచ్చి నిలబడ్డట్టు ఉంది. చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

నాయన ఇంకోసారి అడగలేదు. తలుపు పిడి ఒకసారి లాగి చూసి వదిలేశాడు. చిన్నాయన బయటినుంచి మా ఇద్దరినీ చూశాడు. మోసేవాళ్ళకు ఏదో చెప్పాడు. వాళ్ళు పాడె తలవైపు ఎత్తి అద్దానికి ఆనించినంత దగ్గరగా పట్టుకున్నారు. నాయన మాస్కు గడ్డం కిందికి లాగి, అద్దానికి నోరు ఆనించి పిలిచాడు.

"అమ్మా."

లోపల ఆ మాట చాలా పెద్దగా వినిపించింది. బయటికి పోయి ఉండదు. చిన్నాయనకు అది అర్థమైనట్టుంది. జేజి చెవి దగ్గర వంగి, నాయన పెదవులు చూస్తూ, తన గొంతుతో పిలిచాడు. రెండోసారి నాయన పిలిచాడు, చిన్నాయన అదే మాట అందించాడు. మూడోసారి కూడా అంతే. తర్వాత అందరూ ఆచారం ప్రకారం జేజి మొగం వైపు చూశారు. నాయన కూడా చూశాడు. ఊపిరి తగిలి అద్దం మసకబారితే అరచేత్తో తుడిచి చూశాడు.

పాడె ఎత్తారు. నేను కారు తిప్పాను.

వర్తూరు చేరాక నేను చెప్పినట్టే నాయన స్నానం చేసి, బట్టలు సంచిలో వేసి కట్టి ఇచ్చాడు. ఆ తర్వాతి రోజులన్నీ జ్వరం కోసం ఎదురుచూడటమే. బూజు ఊపిరితిత్తుల్లో పట్టిందో లేదో వెంటనే తెలియదు. ఆయన దగ్గితే నేను టైపు చేయడం ఆపేవాణ్ణి. అన్నం నేనే వండాను, ఉప్పు ఎక్కువైనా ఆయన చెప్పలేదు. ఎదురింటి పిల్లరు గురించి కూడా ఏమీ అనలేదు. అమ్మ తిరిగొచ్చి, ఇంటి వాలకం చూసి, "ఇద్దరూ సుమ్నె నోరు మూసుకోని కూచునేదానికి నేనెందుకు పరుగెత్తుకొస్తి," అని పొయ్యి దగ్గరికి పోయింది.

జ్వరం రాలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆమె నాయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, స్కాన్ కూడా తీయించి, ఏమీ లేదంది. "వెళ్ళకూడదు. వెళ్ళారు. ఇంకెప్పుడూ అలా చేయకండి," అని కన్నడంలో చెప్పి మందుల చీటీ రాసింది.

మందులు తగ్గిస్తూ వచ్చిన తర్వాత, ఒక ఉదయం పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళ్ళి వరుసలో కూర్చున్నాం. అప్పటికి నాయన ముందులా కాకపోయినా మాట్లాడుతున్నాడు. ఎదురుగా గోడమీద టైల్స్ చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు రెండు వేళ్ళ సందు దించినా ఏమీ అయ్యేది కాదు."

"కాదేమో నాయనా."

"అయ్యేదేమో కూడా."

"ఊ."

నా ఉద్యోగంలో అయితే రెండూ చేసి చూడవచ్చు. ఒకసారి దించి, ఒకసారి దించకుండా, ఏది విరుగుతుందో రాసుకోవచ్చు. ఆయన ఇంకేదో అంటాడని చూశాను.

"మళ్ళా అట్లాంటిది వస్తే దించుతావా?"

"దించను," అన్నాను.

నాయన తల ఊపాడు, ఒప్పుకున్నట్టో, తెలుసుకున్నట్టో. టైల్స్ వైపే చూస్తూ ఉన్నాడు.

"నా అప్పుడు మాత్రం కారు తేవద్దు," అన్నాడు. "నడిచి రా. చెవి దగ్గరికి వంగి పిలువు."

"సరే నాయనా."

లోపలినుంచి పిలిచారు. నాయన చొక్కా చేయి తనే పైకి మడుచుకుంటూ లేచాడు.